ఒంటిగంట నుంచి ఆరున్నర దాకా

2017 జులైలో న్యూజెర్సీ గవర్నర్ క్రిస్ క్రిస్టీ ఒక ఉద్యోగానికి ట్రయల్ ఇచ్చాడు. అప్పటికి ఇంకా పదవిలోనే ఉన్నాడు. అమెరికాలో రాష్ట్ర గవర్నరంటే మన రాజ్‌భవన్ గవర్నర్ లాంటి పదవి కాదు, మన ముఖ్యమంత్రి హోదా. అలాంటి మనిషి రెండు రోజులు మధ్యాహ్నం పూట న్యూయార్క్‌లోని ఒక రేడియో స్టూడియోలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఫోన్ చేసినవాళ్లతో బేస్‌బాల్ గురించి వాదించాడు. అంతకు వారం ముందే బడ్జెట్ గొడవలో రాష్ట్ర పార్కులూ వాటి బీచ్‌లూ జనానికి మూతపడ్డాయి. మూసేసిన ఆ బీచ్‌లోనే ఈయన కుటుంబంతో కుర్చీ వేసుకుని కూర్చున్న ఫోటో పేపర్లకెక్కింది. మాంట్‌క్లేర్ ఊరి నుంచి ఒకాయన లైన్లోకి వచ్చి ఆ బీచ్ సంగతి ఎత్తాడు, పనిలో పనిగా గవర్నర్ లావు మీద కూడా ఓ మాట విసిరాడు. క్రిస్టీ అతన్ని మాంట్‌క్లేర్ కమ్యూనిస్టు అని ఎదురు తిట్టాడు. షో ముందుకు సాగింది. ఉద్యోగం మాత్రం రాలేదు.

ఒక రాష్ట్రాన్ని ఏలుతున్న మనిషి ఆశపడేంత కుర్చీ ఏమిటది? దాంట్లో అప్పటిదాకా కూర్చున్న మనిషి పేరు మైక్ ఫ్రాన్సెసా. స్టేషన్ పేరు డబ్ల్యూఎఫ్ఏఎన్, జనం నోట్లో 'ద ఫ్యాన్'. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి సాయంత్రం ఆరున్నర దాకా, వారానికి ఐదు రోజులు, ఆటల గురించి మాట్లాడటం ఆయన పని. ఆయన ప్రొఫెషనల్ ఆటగాడు కాదు, కోచ్ కాదు. తిరిగి వార్తలు సేకరించే విలేకరి అంతకన్నా కాదు. అయినా న్యూయార్క్‌లో ఒక జట్టు ఓడిపోతే, మర్నాడు మధ్యాహ్నం ఆయన ఏమంటాడోనని జట్టు యజమానుల ఆఫీసుల్లో కూడా రేడియో పెట్టుకునేవాళ్లు.

ఇక్కడ ఒక చిక్కు విప్పాలి. ఆటలూ రేడియో అనగానే మనకు గుర్తొచ్చేది కామెంటరీ. ఆకాశవాణిలో హిందీ ఓవరూ ఇంగ్లిష్ ఓవరూ మార్చి మార్చి వింటూ స్కోరు గోడమీద సుద్దతో రాసుకున్న తరం మనది. కామెంటేటర్‌కి ఆట ఉంటుంది. ఆయన నోరు మూసుకున్నా మైదానంలో చప్పుడు వినిపిస్తుంది. టాక్ షో హోస్ట్‌కి ఆట లేదు, అది నిన్ననే అయిపోయింది. ఫలితం అందరికీ తెలుసు. చెప్పడానికి కొత్త వార్త కూడా ఏమీ ఉండకపోవచ్చు. అయినా ఐదున్నర గంటలు నిండాలి. మన ఊళ్లో రచ్చబండ దగ్గర, టీ కొట్టు బెంచీ మీద జరిగే పని ఇదే కదా అనిపిస్తుంది. ఆ పోలిక సగం వరకే నిజం. టీ కొట్టు దగ్గర వాదన వేడెక్కితే మనం లేచి వెళ్లిపోతాం. ఇక్కడ హోస్ట్ జీతం మొత్తం మనం లేచి వెళ్లకుండా ఉండటం మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు స్టేషన్ సంగతి. 1987 జులై 1కి ముందు, రోజంతా ఆటల కబుర్లే వినిపించే రేడియో స్టేషన్ అమెరికాలో ఇలా నిలదొక్కుకున్నది లేదు. ఆటల మీద ఫోన్ ప్రోగ్రాములు లేకపోలేదు. న్యూయార్క్‌లోనే 1960ల్లో బిల్ మేజర్, 1980ల్లో ఆర్ట్ రస్ట్ జూనియర్ రేడియోలో జనంతో ఆటల గురించి మాట్లాడి పేరు తెచ్చుకున్నారు. కానీ అవి రోజులో కొన్ని గంటలు. ఇరవై నాలుగు గంటలూ అదే అంటే పిచ్చి అన్నారు. ఆ పిచ్చి పని చేసింది ఇండియానాపోలిస్‌కి చెందిన ఎమిస్ కంపెనీ, దాని అధిపతి జెఫ్ స్మల్యన్. 1050 ఏఎం (మన మీడియం వేవ్) మీద కంట్రీ పాటలు వేసే డబ్ల్యూహెచ్ఎన్ అనే స్టేషన్‌ని తీసేసి, ఆ చోట ద ఫ్యాన్ పెట్టారు. ఆ పాత స్టేషన్‌కి ఒక ఆస్తి ఉండేది: న్యూయార్క్ బేస్‌బాల్ జట్టు మెట్స్ మ్యాచ్‌ల ప్రసార హక్కులు. మెట్స్ 1986లో ఛాంపియన్లు. ఆ హక్కులు కొత్త స్టేషన్‌కి సంక్రమించాయి. కొత్త స్టేషన్‌లో మొట్టమొదట వినిపించిన గొంతు ఒక ఆడమనిషిది. సూజన్ వాల్డ్‌మన్, అంతకుముందు రంగస్థలం మీద పాడిన కళాకారిణి. తర్వాత ఆవిడ న్యూయార్క్‌లోని ఇంకో బేస్‌బాల్ జట్టు యాంకీస్ మ్యాచ్‌లకు రేడియో వ్యాఖ్యాతగా ఏళ్ల తరబడి పనిచేసింది.

మొదటి ఏడాది నష్టాలే. స్టేషన్ చేసిన తప్పు నాకు చాలా సహజంగా అనిపిస్తుంది: పేరున్న గొంతులను బయటి నుంచి తెచ్చుకున్నారు. పొద్దున టీవీలో తెలిసిన గ్రెగ్ గంబెల్, తర్వాత జిమ్ లాంప్లీ, సాయంత్రానికి క్లీవ్‌లాండ్‌లో పేరు మోసిన పీట్ ఫ్రాంక్లిన్. ఫ్రాంక్లిన్ ఫోన్ చేసినవాళ్లను చెడామడా తిట్టేవాడు. క్లీవ్‌లాండ్ జనానికి అది ముద్దు. న్యూయార్క్ వాడు ఊరుకుంటాడా? బయటి నుంచి వచ్చి మా జట్టును మాకే చెబుతాడా అనుకున్నారు. గుంటూరు మనిషికి మిరపకాయ ఎలా ఎండబెట్టాలో బయటివాడొచ్చి చెబితే ఎలా ఉంటుందో అలా.

1988 అక్టోబర్ 7న కథ మలుపు తిరిగింది. ఎన్‌బీసీ రేడియో వ్యాపారం నుంచి తప్పుకుంటుంటే ఎమిస్ దాని స్టేషన్లు కొని, ద ఫ్యాన్‌ని 660 ఏఎంకి మార్చింది. 660 అంటే 50,000 వాట్ల స్టేషన్. మీడియం వేవ్ గుణం మన పాతతరానికి తెలిసిందే: పగలు నేల మీదుగా వెళ్లే సిగ్నల్, పొద్దుగుంకాక పైపొరల్లో తగిలి వెనక్కి వచ్చి వందల మైళ్ల అవతల దిగుతుంది. మన ఊళ్లలో సిలోన్ రేడియో తెలుగు పాటలు షార్ట్‌వేవ్ మీద అలా ఆకాశంలో తగిలి దిగినవే. కాబట్టి ద ఫ్యాన్ రాత్రయితే అమెరికా తూర్పు సగమంతా వినిపించేది. అర్ధరాత్రి షిఫ్టులో స్టీవ్ సోమర్స్ అనే ఆయన టాక్సీ డ్రైవర్లతో, సెక్యూరిటీ గార్డులతో, నిద్రపట్టని వాళ్లతో గుసగుసగా మాట్లాడుతూ ఏళ్లు గడిపాడు. కొత్త ఫ్రీక్వెన్సీతో పాటు, అక్కడ పొద్దుటి షో చేసే డాన్ ఐమస్ కూడా కలిసొచ్చాడు. ఆయన షో ఆటల గురించి కాదు, కానీ డబ్బు తెచ్చేది అదే. స్టేషన్ నిలబడింది. 1992లో ఇన్ఫినిటీ కంపెనీ దాన్ని 7 కోట్ల డాలర్లకు కొంది. పిచ్చి అన్న వాళ్లంతా తమ తమ ఊళ్లలో ఇలాంటివి తెరవడం మొదలుపెట్టారు.

ఇప్పుడు మనిషి దగ్గరకు వద్దాం. ఫ్రాన్సెసా 1954లో పుట్టాడు. లాంగ్ ఐలాండ్‌లోని లాంగ్ బీచ్ ఊరు, సెయింట్ జాన్స్ యూనివర్సిటీ చదువు. తర్వాత సీబీఎస్ టీవీలో తెరవెనక ఉద్యోగం: వ్యాఖ్యాతలకు అంకెలు, పాత రికార్డులు, ఏ కోచ్ ఏ సందర్భంలో ఏం చేస్తాడు లాంటివి అందించడం. అప్పట్లో అమెరికా ఆటల టీవీకి పెద్ద ముఖమైన బ్రెంట్ మస్‌బర్గర్ ఈయన మీద బాగా ఆధారపడేవాడు. అంటే ఇంకొకరి నోటి వెంట వచ్చే తెలివి ఈయన తయారుచేసిందే. ద ఫ్యాన్ తెరుస్తున్నారని తెలిసి అడిగితే హోస్ట్ సీటు ఇవ్వలేదు. శని ఆదివారాల్లో కాసేపు, పక్కన విశ్లేషకుడిగా కాసేపు. గొంతులో లాంగ్ ఐలాండ్ యాస దట్టంగా ఉంటుంది. రేడియోకి ఈ గొంతేమిటి అన్నవాళ్లున్నారు. చివరికి ఆ యాసే కూడు పెట్టింది. ఊరి మనిషి మాట్లాడుతున్నాడని జనానికి మొదటి వాక్యంలోనే తెలిసిపోయేది.

క్రిస్ రూసో ఇంకోరకం. ఐదేళ్లు చిన్న. మాటలు బులెట్లలా వస్తాయి, గొంతు కీచుగా పైకి లేస్తుంది, ఆటగాళ్ల పేర్లు తప్పు పలుకుతాడు, మధ్యలో తన మాటకు తనే నవ్వుతాడు. ఒక పత్రికా రచయిత 'మ్యాడ్ డాగ్' అని పేరు పెడితే అదే ఖాయమైపోయింది. ఐమస్‌కి ఇతను నచ్చాడు. న్యూయార్క్ పక్కనే పుట్టి పెరిగి కూడా శాన్‌ఫ్రాన్సిస్కో జయింట్స్ అనే బేస్‌బాల్ జట్టు అభిమాని. ఫ్రాంక్లిన్ వెళ్లిపోయాక 1989 సెప్టెంబర్ 5న ఈ ఇద్దరినీ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. 'మైక్ అండ్ ద మ్యాడ్ డాగ్'. ఇద్దరికీ ఆ ఏర్పాటు ఇష్టం లేదు. ఎవరికి వాళ్లే ఒంటరిగా షో చేద్దామనుకున్నవాళ్లు. మొదట్లో ఒకరితో ఒకరికి పడేది కాదని తర్వాత ఇద్దరూ చెప్పుకున్నారు.

పడకపోవడమే సరుకు అయింది. ఒకడు అన్నీ తెలిసినట్టు నిదానంగా తీర్పు చెబుతాడు, ఇంకొకడు గాలి తగిలిన మంటలా లేస్తాడు. నిజమైన కోపం ఏది, షో కోసం ఏది అని విన్నవాడికి తెలియదు. మన హరికథలో దాసు గారికి ఆ మాత్రం కిటుకు తెలుసు: కథ అందరికీ తెలిసిందే, వినేవాడు వచ్చింది చెప్పే తీరు కోసం. ఈ జోడీ 19 ఏళ్లు నడిచింది. 2002 నుంచి యాంకీస్ సొంత టీవీ చానెల్ 'యెస్ నెట్‌వర్క్' ఈ రేడియో షోను కెమెరా పెట్టి అలాగే చూపించింది. ఇద్దరు మగవాళ్లు మైకుల ముందు కూర్చుని మాట్లాడుతుంటే, పక్కన డైట్ కోక్ బాటిల్ కనబడుతుంటే, జనం చూశారు.

ఇక నిజంగా అల్లుకుపోయిన ముడి: ఇందులో డబ్బు ఎక్కడ?

అమెరికాలో రేడియో వినేవాళ్లను లెక్కపెట్టే పద్ధతి ఒకటి అర్థమైతే ఈ హోస్టుల ప్రవర్తన మొత్తం అర్థమవుతుంది. గంటను నాలుగు పావుగంటలుగా విడగొడతారు. ఒక పావుగంటలో మీరు కనీసం ఐదు నిమిషాలు వింటే, పావుగంట మొత్తం విన్నట్టే లెక్క. (2025 నుంచి ఆ ఐదు మూడయింది.) అంటే హోస్ట్ పని ఏమిటి? పావుగంట సరిహద్దు దగ్గర మీ చెయ్యి బటన్ మీదకు పోకుండా చూడటం. 'ఈ క్వార్టర్‌బ్యాక్‌ని (అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆట నడిపే ఆటగాణ్ణి) ఎందుకు అమ్మేయాలో వచ్చాక చెప్తా' అని బ్రేక్‌కి వెళ్లడం అందుకే. వచ్చాక వెంటనే చెప్పడు. ముందు ఒక ఫోన్ తీసుకుంటాడు. ప్రకటనలు ఎక్కడ పడాలి, స్కోర్లు ఎక్కడ చెప్పాలి అన్నీ ఈ గడియారాన్ని చూసే. ద ఫ్యాన్‌లో ప్రతి ఇరవై నిమిషాలకూ స్కోర్ల బులెటిన్ ఉండేది. ఇవాళ యూట్యూబ్‌లో తెలుగు క్రికెట్ చానెళ్లు 'చివరిదాకా చూడండి' అనడం దీనికి మనవడి వరస.

ఆ లెక్క రాసే పద్ధతి కూడా హోస్ట్ జాతకాన్ని మార్చింది. 2008 దాకా న్యూయార్క్‌లో ఎంపిక చేసిన కుటుంబాలకు కాగితం డైరీలు ఇచ్చేవాళ్లు. వారమంతా ఏం విన్నారో రాయాలి, చాలామంది జ్ఞాపకం మీదే రాసేవాళ్లు. జ్ఞాపకంలో ఏముంటుంది? పేరు ఉంటుంది. వారంలో నాలుగు స్టేషన్లు తిప్పిన మనిషి డైరీలో 'మైక్ అండ్ ద మ్యాడ్ డాగ్, ఒంటిగంట నుంచి ఆరున్నర' అని ఒక గీత గీసి ఇచ్చేవాడు. తర్వాత జేబులో పెట్టుకునే పేజర్ లాంటి చిన్న పరికరం వచ్చింది. స్టేషన్ ప్రసారంలో చెవికి వినిపించని సంకేతం కలిపి ఉంటుంది, పరికరం దాన్ని పట్టుకుని ఎన్ని నిమిషాలో రాసుకుంటుంది. పెద్ద పేరున్నవాళ్లకు ఈ పరికరం కాస్త మొరటుగానే నిజం చెప్పింది.

రెండో సంగతి, ఎంతమంది అన్నదానికంటే ఎవరు అన్నది. మొత్తం శ్రోతల లెక్కలో ఇలాంటి స్టేషన్ ఊళ్లో మొదటి స్థానంలో ఉండదు. పాటల స్టేషన్లు, వార్తల స్టేషన్లు పైన ఉంటాయి. కానీ 25 నుంచి 54 ఏళ్ల మగవాళ్లు, ఉద్యోగం ఉన్నవాళ్లు, కారులో ఒంటరిగా కూర్చున్నవాళ్లు వేరే ఎక్కడా అంత గుంపుగా దొరకరు. బీరు కంపెనీకి, కార్ల డీలర్‌కి, జుట్టు ఊడిపోకుండా మందు అమ్మేవాడికి కావలసింది వాళ్లే. ఫ్రాన్సెసా ఆ ఒక్క వర్గంలో ఏళ్ల తరబడి మధ్యాహ్నం నంబర్ వన్. ఆ మాట తనే చెప్పుకునేవాడు, మొహమాటం లేకుండా. ప్రకటన కూడా చాలాసార్లు హోస్టే తన గొంతుతో చదువుతాడు. నిన్నటి మ్యాచ్‌లో కోచ్ తప్పు చేశాడని ఎంత నమ్మకంగా చెప్పాడో, ఈ పరుపు నడుము నొప్పికి మంచిదని కూడా అంతే నమ్మకంగా చెబుతాడు. ఆ నమ్మకమే ప్రకటనదారుడు కొనుక్కునేది.

ఫోన్ చేసేవాళ్ల గురించి కూడా ఒక అపోహ ఉంది. షో వాళ్ల కోసం అనుకుంటాం. నిజానికి వినేవాళ్లలో ఫోన్ చేసేవాళ్లు పిసరంత మంది. ఫోన్ చేసేవాడు సరుకు, కారులో నోరు మూసుకుని వినేవాడు గిరాకీ. ఒక కుర్రాడు ఫోన్లు ఎత్తి, ఏం మాట్లాడతావని అడిగి, తెర మీద పేరూ ఊరూ విషయం రాస్తాడు. హోస్ట్ ముందు నాలుగైదు లైన్లు వెలుగుతుంటాయి. వరసలో ముందున్నవాడిని కాకుండా, ఇప్పుడు ఏ వాదన పెడితే వేడి పుడుతుందో అతన్ని ఎంచుకుంటాడు. బూతు దొర్లితే ఆపడానికి ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యంగా వెళుతుంది. ఫోన్ చేసినవాడు 'మైక్, చాలా కాలంగా వింటున్నా, ఫోన్ చేయడం ఇదే మొదటిసారి' అని భక్తుడు గుళ్లోకొచ్చినట్టు మొదలెడతాడు. తలాతోకా లేని ఆటగాళ్ల మార్పిడి ఒకటి ప్రతిపాదిస్తాడు: మా పనికిరాని ముగ్గుర్ని ఇచ్చేసి మీ సూపర్‌స్టార్‌ని తెచ్చుకుందాం. ఫ్రాన్సెసా ఒక్క క్షణం మౌనంగా ఉండి, కొట్టిపారేస్తాడు. ఆ క్షణం మౌనం కోసం జనం వినేవాళ్లని నాకనిపిస్తుంది. మన ఆకాశవాణి ఫోన్ ప్రోగ్రాముల్లో 'మీ పాట వేస్తాం, ఇంట్లో అందరూ బాగున్నారా' అనే మర్యాద అలవాటైన చెవికి ఇది మొదట్లో దెబ్బలాటలా వినిపిస్తుంది. మర్యాద లేదని కాదు, వేరే రకం. నీ మాటకు విలువ ఇచ్చాను కాబట్టే తిడుతున్నాను అనే రకం.

న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఉండి రోజూ కారులో న్యూయార్క్ వైపు పోయి వచ్చే తెలుగువాళ్లలో నాలాగా బేస్‌బాల్ రూల్స్ సగం ఈ స్టేషన్ వల్లే నేర్చుకున్నవాళ్లు ఉంటారు. ఆట ఒక్కటి కూడా చూడకుండా, ఏ మేనేజర్ ఎప్పుడు పిచ్చర్‌ని (బంతి విసిరేవాణ్ణి) మార్చలేదో ఆఫీసులో మాట్లాడగలిగేంత. ట్రాఫిక్‌లో గంటన్నర ఇరుక్కున్న మనిషికి పక్క సీట్లో ఒక పెద్దాయన కూర్చుని గొణుగుతున్నట్టు ఉంటుంది. ఆయనతో ఏకీభవించకపోయినా ఆయన ఉంటే బాగుంటుంది.

మరి హైదరాబాద్‌లోనూ ట్రాఫిక్ ఉంది, ఆటంటే పిచ్చీ ఉంది, ఎఫ్ఎం స్టేషన్లూ ఉన్నాయి. ఇలాంటి రేడియో ఎందుకు పుట్టలేదు? మొదటి కారణం నిబంధన. మన దేశంలో ప్రైవేట్ ఎఫ్ఎంలకు సొంతంగా వార్తలు, వర్తమాన వ్యవహారాలు ప్రసారం చేసే అనుమతి లేదు. ఆటల సమాచారం వార్త కిందకు రాదని కేంద్రం సడలించింది 2011 నాటి మూడో దశ విధానంలోనే. అప్పటికే ఎఫ్ఎం అంటే సినిమా పాట, ఆర్జే అల్లరి అని ఖాయమైపోయింది. రెండో కారణం మేత. న్యూయార్క్ చుట్టూ పెద్ద లీగ్‌లలో తొమ్మిది జట్లున్నాయి: బేస్‌బాల్‌కి రెండు, అమెరికన్ ఫుట్‌బాల్‌కి రెండు, బాస్కెట్‌బాల్‌కి రెండు, ఐస్ హాకీకి మూడు. ఒక్క బేస్‌బాల్ జట్టే సీజన్‌కి 162 మ్యాచ్‌లాడుతుంది. ప్రతి రాత్రీ ఎవరో ఒకరు ఓడిపోతారు, ప్రతి మధ్యాహ్నం ఎవరో ఒకరిని ఏడిపించవచ్చు. మనకు జాతీయ జట్టు ఒకటి, ఐపీఎల్‌లో హైదరాబాద్ జట్టు రెండు నెలలు. మిగతా రోజులు ఐదున్నర గంటలు దేనితో నింపుతారు?

తిరిగి ఫ్రాన్సెసా దగ్గరకు. 2008 ఆగస్టులో జోడీ విడిపోయింది. రూసో స్టేషన్ వదిలి, అప్పుడే కలిసిపోయిన సిరియస్ ఎక్స్ఎం అనే శాటిలైట్ రేడియోకి వెళ్లి తన పేరు మీదే ఒక చానెల్ పెట్టుకున్నాడు. విడిపోయిన మర్నాడు ఫ్రాన్సెసా షోకే ఫోన్ చేసి మాట్లాడుతూ గొంతు పూడిపోయి తడబడ్డాడు. 19 ఏళ్లు ఇష్టం లేకుండా కాపురం చేసినవాళ్లు విడాకుల రోజున ఏడ్చినట్టు ఉంటుంది వింటే.

ఒంటరి ఫ్రాన్సెసా ఇంకో తొమ్మిదేళ్లకు పైగా అదే వేళలో అదే కుర్చీలో, చాలాసార్లు నంబర్ వన్‌గా నిలిచాడు. కానీ జోడీలో ఉన్నప్పుడు కనిపించనిది ఒకటి ఇప్పుడు బయటపడింది. ఆయన సరుకు ఆటల జ్ఞానం కాదు, నిశ్చయం. 'అనుకుంటా' అనే మాట ఆయన నోట రాదు. జోస్యం తప్పితే, నేనెప్పుడో చెప్పా అన్నట్టు మాట తిప్పేవాడు. రేడియో మాట గాలిలో కలిసిపోయే కాలంలో అది చెల్లింది. నిన్న ఏమన్నాడో చూపించేవాడెవడు? కెమెరా వచ్చాక, ఇంటర్నెట్ వచ్చాక చూపించేవాళ్లు వచ్చారు. 2012లో విలేకరి ఒకరు లైన్లో యాంకీస్ గురించి మాట్లాడుతుండగా ఈయన తల వాల్చి కునుకు తీసినట్టు టీవీలో కనిపించింది. నిద్రపోలేదని వాదించాడు. అదే ఏడాది యాంకీస్ డెట్రాయిట్‌తో ఆడుతున్నప్పుడు ఒకతను ఫోన్ చేసి అల్ అల్బర్కర్కీ అనే పిచ్చర్ గురించి అడిగితే, అలాంటివాడు ఎవరూ లేడన్నట్టు కొట్టిపారేశాడు. ఉన్నాడు. డెట్రాయిట్ జట్టులోనే ఉన్నాడు. యాంకీస్ ఆ సిరీస్‌లో నాలుగుకు నాలుగూ ఓడారు.

మామూలుగా అయితే ఇక్కడితో పరువు పోవాలి. పోలేదు, పెరిగింది. ఇది నాకు ఈ కథలో అన్నిటికంటే వింతగా అనిపించే భాగం. ఎవరో అజ్ఞాతంగా ఆయన తప్పులను, పాత జోస్యాలను, తిట్లను చిన్న ముక్కలుగా కోసి సోషల్ మీడియాలో పెట్టడం మొదలెట్టారు. రేడియో ఎప్పుడూ పెట్టని కుర్రాళ్లు ఆ ముక్కల కోసం అభిమానులయ్యారు. కొందరు తెల్లజుట్టు, కళ్లద్దాలు, చేతిలో డైట్ కోక్‌తో ఆయన వేషం కట్టుకుని ఒకచోట చేరే ఉత్సవం కూడా పెట్టుకున్నారు. మొదట చిరాకు పడ్డ ఆయన తర్వాత తనే అక్కడికి వెళ్లాడు. వాళ్లు ఎగతాళి చేశారా, పూజించారా అని అడిగితే ఇంట్లో తాతయ్యను మనవలు ఆటపట్టించడం చూసినవాళ్లకు సమాధానం తెలుసు.

2017 డిసెంబర్ 15న ఘనంగా వీడ్కోలు తీసుకున్నాడు. ఆ కుర్చీ కోసమే క్రిస్టీ వచ్చి ట్రయల్ ఇచ్చింది. స్టేషన్ చివరికి ముగ్గురు హోస్టులతో కొత్త షో పెట్టింది. రేటింగ్‌లో పోటీ స్టేషన్ మైకేల్ కే షో పైకి వెళ్లింది. నాలుగున్నర నెలలకే, 2018 మే 1న, ఫ్రాన్సెసా అదే కుర్చీలోకి తిరిగి వచ్చాడు. పెళ్లి విందు తిని తాంబూలం తీసుకుని బయటికెళ్లిన చుట్టం రాత్రి భోజనానికి మళ్లీ వచ్చినట్టు అయింది. ఆ ఏడాది నెలకు 8.99 డాలర్లతో సొంత యాప్ కూడా పెట్టాడు. కారులో ఉచితంగా వినే అలవాటున్న జనం దాన్ని పెద్దగా ఎత్తుకోలేదు. కార్డు తీసి డబ్బు కట్టి వినడం వేరు, ట్రాఫిక్‌లో బటన్ నొక్కితే ఆయన అక్కడ ఉండటం వేరు. 2019 డిసెంబర్‌లో రోజువారీ షో మానేశాడు, 2020 వేసవికి ద ఫ్యాన్‌తో పూర్తిగా తెగిపోయింది.

ఆయన వదిలిన వేళలోకి 2020 నవంబర్‌లో వచ్చిన వాళ్లలో ఒకడు క్రెయిగ్ కార్టన్. అంతకుముందు పదేళ్లు అదే స్టేషన్‌లో పొద్దుటి షో చేశాడు. జూదం వ్యసనంలో అప్పులపాలై, టిక్కెట్ల వ్యాపారం పేరుతో పెట్టుబడిదారులను మోసం చేసినందుకు 2019లో మూడున్నరేళ్ల శిక్ష పడింది. కాస్త ముందుగా విడుదలై నేరుగా మైకు దగ్గరకు వచ్చాడు. తిరిగొచ్చాక జూదం వ్యసనం మీదే వారానికోసారి ఒక షో చేశాడు. అది మెచ్చుకోదగ్గ పని. కానీ ఈలోగా రేడియోకి డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. 2018 మే 14న అమెరికా సుప్రీంకోర్టు, రాష్ట్రాలు ఆటల మీద పందేలను చట్టబద్ధం చేయకుండా ఆపిన కేంద్ర చట్టాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టు దాకా ఆ కేసు తీసుకెళ్లింది న్యూజెర్సీ. దాన్ని ముందుకు నడిపించిన గవర్నర్ ఎవరనుకున్నారు? మన క్రిస్టీయే. ఉద్యోగం ఆయనకు రాలేదు గానీ, ఆ పరిశ్రమ జేబు నింపింది మాత్రం ఆయన నడిపిన కేసే. బీరు, కార్ల ప్రకటనల స్థానంలోకి పందేల యాప్‌లు వచ్చాయి. నిన్న ఎవరు ఎందుకు ఓడారన్న చర్చ పోయి, ఇవాళ ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తారన్న చర్చ పెరిగింది.

రూసో అరవై దాటాక ఈఎస్‌పీఎన్‌లో పొద్దుటి చర్చా కార్యక్రమంలో వారానికోసారి కనిపిస్తూ, రేడియో వినని తరానికి కొత్తగా పరిచయమయ్యాడు. అరుపు అదే, పేర్లు తప్పు పలకడం అదే. ఫ్రాన్సెసా 2022లో బెట్‌రివర్స్ అనే పందేల కంపెనీ కింద పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాడు. నేను కొన్ని విన్నాను. యాస తగ్గలేదు, నిశ్చయం తగ్గలేదు. ఒకచోట ఏదో జట్టు గురించి తీర్పు చెప్పి, అలవాటుగా ఒక్క క్షణం ఆగాడు. లైన్లో ఎవరూ లేరు. తర్వాతి విషయంలోకి వెళ్లిపోయాడు.